పాత ల్యాప్‌టాప్‌ను పారవేయక ముందు: సంఘ కార్యదర్శులకు కొన్ని సూచనలు

మన పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల్లో ఇప్పుడు కంప్యూటరు లేని సంఘం అరుదు. ఉదయం, సాయంత్రం పాలు పోసిన సభ్యుని పేరు, లీటర్లు, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్., రావలసిన సొమ్ము, మినహాయించవలసిన దాణా బాకీ అన్నీ అందులోనే నమోదవుతున్నవి. అయితే ఆ కంప్యూటరు పాతబడినప్పుడు ఏమి చేయవలెనన్న విషయంలో చాలా సంఘాలకు తగిన అవగాహన లేదు. మార్కాపురం, కంభం, గిద్దలూరు, యర్రగొండపాలెం ప్రాంతాల సంఘాలకు తనిఖీకి వెళ్ళినప్పుడు మేము తరచుగా చూచేదొకటే. బీరువా మీద దుమ్ముపట్టిన ల్యాప్‌టాప్ ఒకటి వుంటుంది. ఏమిటని అడిగితే, "అది అయిపోయిందండీ, కొత్తది కొనాలని తీర్మానం పెట్టుకున్నాం" అని సమాధానం వస్తుంది.

పాడి చేసేవారికి ఈ విషయం మేము వేరే చెప్పనక్కరలేదు. పాలు తగ్గిన ప్రతి గేదె వట్టిపోయినది కాదు. మేత చాలక తగ్గవచ్చును, పొదుగువాపు వల్ల తగ్గవచ్చును, కడుపులో పురుగుల వల్ల తగ్గవచ్చును. కారణం తెలుసుకోకుండా సంతకు తోలుకుపోయే రైతు మనలో లేడు. ల్యాప్‌టాప్ విషయంలో మాత్రం నెమ్మదించగానే సంతకు తోలుతున్నాము. పాత యంత్రాన్ని పరీక్షించుట, బాగుచేయుట, అవసరమైతే వదిలివేయుట ఎట్లో సంఘ కార్యదర్శులకు, పాలకవర్గ సభ్యులకు అర్థమయ్యే రీతిలో ఈ వ్యాసంలో తెలియజేయుచున్నాము.

మేము చేసిన పొరపాటు

ఇతరులకు చెప్పే ముందు మా పొరపాటు చెప్పుకొనుట ధర్మం. కొన్నేండ్ల క్రితం గిద్దలూరు వైపు ఒక సంఘంలో ల్యాప్‌టాప్ తెరుచుకోవటం మానివేసినది. మేము తనిఖీ నివేదికలో "పనికిరానిది, తొలగించవచ్చును" అని ఒక్క వాక్యం వ్రాసి వచ్చాము. సంఘంవారు దానిని పాత సామానువానికి అయిదువందలకు ఇచ్చివేశారు. మూడు నెలలకు బోనసు పంపకం వచ్చినది. రెండు గేదెల పాలు పోసే ఒక వృద్ధురాలు తన లీటర్లు తక్కువ చూపారని, వానాకాలం మొత్తం లెక్కలోనే లేదని అన్నది. ఆమె పాసుపుస్తకం వానకు తడిసి ముద్దయినది. ఆ కాలపు లెక్క ఆ ల్యాప్‌టాప్‌లో తప్ప మరెక్కడా లేదు. పాలకవర్గంవారు జాలిపడి కొంత మొత్తం ఇవ్వబోతే ఆమె తీసుకొనలేదు. "నాకు దానమొద్దు నాయనా, నా లెక్క నాకు కావాల" అన్నది.

మావద్ద సమాధానం లేకపోయినది. తరువాత తెలిసినదేమంటే, ఆ యంత్రంలో చెడినది కరెంటు అందించే భాగం మాత్రమే కావచ్చును. లెక్కలున్న డిస్కును నాలుగు మరలు విప్పి బయటకు తీసి వేరొక కంప్యూటరుకు తగిలించి చూచి వుండవలసినది. అయిదువందలకు అమ్మినది ఇనుము, ప్లాస్టిక్కు కాదు, ఆ సంఘ సభ్యుల లెక్కలు. అప్పటినుండి ఏ సంఘంలోనూ డిస్కు చూడకుండా "పనికిరానిది" అని మేము వ్రాయలేదు.

పుస్తకాల్లో విలువ వేరు, పనిలో విలువ వేరు

కంప్యూటరుకు ఆదాయపు పన్ను లెక్క ప్రకారం ఏటా 40 శాతం తరుగుదల చూపుతారు. ముప్పైవేలు పెట్టి కొన్న ల్యాప్‌టాప్ మొదటి ఏడాది చివర 18,000, రెండవ ఏడాది 10,800, మూడవ ఏడాది 6,480, నాలుగవ ఏడాది 3,888, అయిదవ ఏడాది చివర సుమారు 2,333 రూపాయలుగా పుస్తకాల్లో కనిపిస్తుంది. ఆ అంకె చూచి కొందరు కార్యదర్శులు "రెండువేల వస్తువుకు మూడువేలు పెట్టి మరమ్మతేమిటి" అని అడుగుతున్నారు. తరుగుదల అన్నది పన్ను లెక్క కోసం పెట్టిన పద్ధతి. యంత్రం ఇంకా ఎన్నేళ్ళు పనిచేయగలదో దానిలో తెలియదు. చూడవలసినది వేరు. మూడువేలు పెడితే మరి రెండు మూడేళ్ళు పని జరుగునా, లేక ముప్పై అయిదు వేలు పెట్టి కొత్తది కొనవలెనా? సంఘానికి ఈ తేడా మొత్తం అంటే ఎన్ని లీటర్ల మార్జినో లెక్కవేసుకొని చూచిన మీదట తీర్మానం చేయవలెను.

మొదటి పని: లెక్కలను బయటకు తీయుట

ఏ మరమ్మతుకైనా ముందు చేయవలసినది ఒక్కటే. సంఘపు లెక్కల నకళ్ళు తీయవలెను. యంత్రం నెమ్మదిగానైనా తెరుచుకుంటున్నట్లయితే ఆ రోజే పెన్‌డ్రైవులో ఒక నకలు, వేరొక డిస్కులో మరొక నకలు తీయండి. ఒకటి సంఘ కార్యాలయంలో, రెండవది అధ్యక్షులవారి ఇంటిలో వుంచండి. రెండు నకళ్ళూ ఒకే బీరువాలో వుంటే ఒక నకలు వున్నట్లే లెక్క. నకలు తీసిన తరువాత వేరొక కంప్యూటరులో తెరిచి, ఏవైనా నలుగురు సభ్యుల ఖాతాలు పాసుపుస్తకాలతో సరిపోల్చి చూడండి. తెరిచి చూడని నకలును నమ్మరాదు.

యంత్రం అసలే తెరుచుకోకపోతే డిస్కును బయటకు తీయించి, యు.ఎస్.బి. పెట్టెలో పెట్టి మరొక కంప్యూటరుకు తగిలించవచ్చును. ఈ పెట్టె కొద్ది వందలకే దొరుకుతుంది. డిస్కునుండి టిక్కు టిక్కుమని శబ్దం వస్తున్నట్లయితే మాత్రం మరల మరల ప్రయత్నించరాదు. వెంటనే కరెంటు తీసివేసి, సమాచారం వెలికితీసే పని తెలిసినవారికి చూపవలెను. ప్రతి ప్రయత్నంతోను లోపలి పళ్ళెం గీసుకుపోయే ప్రమాదం వున్నది.

పట్టణంలో దుకాణానికి తీసుకుపోగానే "ఫార్మాట్ కొడితే సరిపోతుందండీ" అనే మాట వినబడుతుంది. ఫార్మాట్ అంటే పుస్తకంలోని కాగితాలన్నీ చించి కొత్తవి కుట్టుట. నకలు చేతిలో లేనిదే ఫార్మాట్‌కు ఒప్పుకొనరాదు. ఈ మాట దుకాణంవారికి నోటితో చెప్పుటయే కాక, ఇచ్చే రసీదుమీద కూడ వ్రాయించండి.

పలక, పుస్తకం

లోపలి భాగాల గురించి కొంత తెలిస్తేనే ఏది మార్చవలెనో తెలుస్తుంది. పలకల ఊరు మార్కాపురం వారికి ఇది చెప్పుట తేలిక. ల్యాప్‌టాప్‌లో ర్యామ్ అన్నది పలక. అప్పటికప్పుడు చేసే లెక్క దానిమీద జరుగుతుంది, కరెంటు పోగానే తుడిచిపోతుంది. డిస్కు అన్నది కుట్టిన పుస్తకం. అందులో వ్రాసినది కరెంటు పోయినా నిలుస్తుంది. ప్రాసెసరు అన్నది లెక్క చేసే గుమాస్తా.

పలక చిన్నదైతే గుమాస్తా కొంత లెక్క చేసి, తుడిచి, పుస్తకంలో ఎక్కించి, మరల పలక పట్టుకోవలసి వస్తుంది. పుస్తకం తిప్పుటకు ఆలస్యమైతే పని ఇంకా నెమ్మదిస్తుంది. 2010 నుండి 2018 వరకు కొన్న ల్యాప్‌టాప్‌లలో ఎక్కువ భాగం నెమ్మదించుటకు కారణం గుమాస్తా కాదు, పలక చిన్నదగుట, పుస్తకం పాతదగుట.

పాత హార్డ్‌డిస్కులో లోహపు పూత గల పళ్ళెం నిమిషానికి 5,400 సార్లు తిరుగుతూ, ముల్లువంటి భాగం దానిమీద వెదకుతూ చదువుతుంది. ఒక్కొక్క చోటికి చేరుటకు సెకనులో వందవవంతు ప్రాంతం పడుతుంది. దాని స్థానంలో ఇప్పుడు వచ్చిన ఎస్.ఎస్.డి. అనే డిస్కులో తిరిగే భాగమే లేదు. అంతా చిప్పుల మీదనే. వెదకుట అంతకు వందరెట్లు ప్రాంతం వేగంగా జరుగుతుంది. అందుచేతనే పాత యంత్రానికి ఈ ఒక్క మార్పు చేస్తే కొత్త ప్రాణం వచ్చినట్లుంటుంది.

జబ్బును బట్టి మందు

మేము చూచిన యంత్రాల్లో ఎక్కువగా కనిపించిన లక్షణాలు, వాటి కారణాలు ఈ క్రింద ఇస్తున్నాము.

1. తెరిచినప్పుడల్లా తేదీ తప్పుగా చూపుట: లోపల రూపాయి బిళ్ళ ఆకారంలో సి.ఆర్. 2032 అనే 3 వోల్టుల సెల్లు వుంటుంది. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. కొన్నేళ్ళకు అది అయిపోతుంది. కొద్ది రూపాయల వస్తువు. కాని దీనిని అశ్రద్ధ చేయరాదు. తేదీ తప్పితే ఈ పూట పోసిన పాలు ఎన్నడో ఏళ్ళ క్రితం పోసినట్లు నమోదవుతాయి, బిల్లు తేలదు. బ్యాంకు సైట్లు కూడ తెరుచుకొనవు.

2. కొంతసేపు పనిచేసి దానంతట అదే ఆగిపోవుట, అడుగుభాగం కాలుట: ఇది వేడివల్ల. మన ప్రాంతపు ఎండ, పలకల కార్ఖానాల దగ్గరి పొడి, దాణా గదిలోని తవుడు, చిట్టు కలిసి లోపలి ఫ్యాను దగ్గర మందమైన పొరగా పేరుకుంటాయి. కంభం చెరువుకు పూడిక పేరినట్లే దీనికీ పేరుతుంది, తీయించవలసినదే. ప్రాసెసరు మీద వేడిని లాగే పేస్టు ఎండిపోయి వుంటే అదికూడ మార్పించవలెను. ల్యాప్‌టాప్‌ను దాణా బస్తాల గదిలో వుంచరాదు. పరుపుమీద, దుప్పటిమీద పెట్టి వాడరాదు.

3. తెరుచుకొనుటకు పది నిమిషాలు, ప్రతి మీటకూ ఆలస్యం: టాస్క్ మేనేజరు అనేది తెరిచి చూడండి. డిస్కు ఎదురుగా ఎప్పుడూ నూరు శాతం చూపుతున్నట్లయితే డిస్కు మార్చవలెను. మెమరీ ఎదురుగా తొంభై శాతం దాటివుంటే ర్యామ్ పెంచవలెను.

4. కరెంటు పోగానే ఆరిపోవుట: బ్యాటరీ అయిపోయినది. ఇంటిలో వాడుకొనేవారు ఇది లేకుండానే నెట్టుకురావచ్చును. సంఘంలో అట్లా కుదరదు. పాలు తీసుకొనే వేళ కరెంటు పోతే, వ్రాస్తున్న ఫైలు మధ్యలో తెగి మొత్తం పాడయ్యే ప్రమాదం వున్నది. కనుక బ్యాటరీ గాని, చిన్న యు.పి.ఎస్. గాని తప్పనిసరి.

5. అడుగుభాగం ఉబ్బి, మూత సరిగా పడకపోవుట: బ్యాటరీ ఉబ్బినది. వెంటనే వాడకం నిలిపివేయండి. గుచ్చుట, నొక్కుట, ఎండలో పెట్టుట చేయరాదు. మంటలు లేస్తాయి. తెలిసినవారిచే తీయించి ఈ-వ్యర్థాలు తీసుకొనేవారికి అప్పగించవలెను.

ర్యామ్ కొనేటప్పుడు రకం చూడవలెను. డి.డి.ఆర్. 3, డి.డి.ఆర్. 4 అని రకాలున్నవి. ఒకదాని గాడిలో మరొకటి పట్టదు, బలవంతం చేస్తే విరుగుతుంది. డి.డి.ఆర్. 3లోనే తక్కువ వోల్టేజి రకం వేరుగా వున్నది. పాత ముక్కను విప్పి దుకాణానికి తీసుకుపోవుట మంచిది. కొన్ని సన్నని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికించి వుంటుంది, పెంచుటకు వీలులేదు. 32 బిట్ల విండోసు వున్న యంత్రానికి 4 జి.బి.కి మించి ర్యామ్ వేసినా అది వాడుకొనలేదు. 2025 చివరనుండి మెమరీ చిప్పుల ధరలు ప్రపంచమంతటా పెరిగినవి. కనుక ఇక్కడ ధరలు చెప్పుట లేదు. మూడు కొటేషన్లు తీసుకొనండి.

ఒక సంఘం అనుభవం

2024 వేసవిలో మార్కాపురానికి దగ్గరలోని ఒక సంఘానికి వెళ్ళినప్పుడు అక్కడి కార్యదర్శి తెల్లవారుజామున అయిదు గంటలకే వచ్చి ల్యాప్‌టాప్ మీట నొక్కి, ఇంటికి పోయి టీ త్రాగి వస్తున్నాడు. అది తెరుచుకొనుటకు పదకొండు నిమిషాలు పడుతుందని చెప్పాడు. పాలు తెచ్చినవారు వరుసలో నిలబడితే ఒక్కొక్క పేరుకు అర నిమిషం. పాలు కూలింగ్ సెంటరుకు ఆలస్యంగా చేరుతున్నవి. ఎండాకాలంలో ఆలస్యమంటే పులుపు, పులుపంటే తిరస్కరణ. రెండుసార్లు క్యాన్లు వెనక్కు వచ్చినవి. ఆ నష్టం కొత్త డిస్కు ఖరీదును మించిపోయినది.

యంత్రం 2015లో కొన్నది. అయిదవ తరం ఐ3 ప్రాసెసరు, 4 జి.బి. ర్యామ్, 500 జి.బి. హార్డ్‌డిస్కు. పాలకవర్గం కొత్తదానికి ముప్పై ఎనిమిది వేల కొటేషను తెప్పించుకొని వున్నది. మేము ఒక్క నెల ఆగమని కోరాము. ముందుగా లెక్కల నకళ్ళు రెండు తీయించాము. తరువాత 256 జి.బి. ఎస్.ఎస్.డి., వాడిన 4 జి.బి. ర్యామ్ ముక్క ఒకటి, గడియారపు సెల్లు, ఫ్యాను శుభ్రం, పేస్టు, కూలి అన్నీ కలిపి మూడువేల లోపు అయినది. పాత డిస్కును పారవేయలేదు. దానిమీద తేదీ వేసి, పాలకవర్గం సంతకాలతో కవరులో పెట్టి బీరువాలో వుంచారు.

మరునాడు యంత్రం నిమిషంలోపు తెరుచుకున్నది. కార్యదర్శికి టీ త్రాగుటకు వ్యవధి లేకపోయినదని సభ్యులు నవ్వుకున్నారు. మిగిలిన సొమ్ములో కొంత యు.పి.ఎస్.కు, కొంత పాలు పోసే చోట నీడకు రేకులు వేయుటకు వాడుకున్నారు.

విండోసా, లినక్సా?

యంత్రం బాగున్నా దానిని నడిపే ఆపరేటింగ్ సిస్టం పాతదైతే మరొక చిక్కు వస్తుంది. మైక్రోసాఫ్ట్ కంపెనీ విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 8.1కి 2023 జనవరి 10న, విండోస్ 10కి 2025 అక్టోబరు 14న సాధారణ మద్దతు నిలిపివేసినది. మద్దతు నిలిచినదంటే యంత్రం ఆగిపోతుందని అర్థం కాదు. దొంగలు కనిపెట్టిన కొత్త కన్నాలను పూడ్చేవారు ఇక లేరని అర్థం. వ్యక్తిగతంగా వాడుకొనేవారికి విండోస్ 10పై మరొక ఏడాది, అనగా 2026 అక్టోబరు వరకు భద్రతా మార్పులు పొందే వీలు కల్పించారు.

విండోస్ 11కు కంపెనీ పెట్టిన నిబంధనలు గట్టివి. 4 జి.బి. ర్యామ్, 64 జి.బి. డిస్కు, టి.పి.ఎం. 2.0 అనే భద్రతా చిప్పు, ఇంటెల్ అయితే సాధారణంగా ఎనిమిదవ తరం లేదా ఆపైది కావలెను. పైన చెప్పిన 2015 నాటి యంత్రానికి అర్హత లేదు. అడ్డదారిలో ఎక్కించే పద్ధతులు కొందరు చెబుతారు. సంఘపు సొమ్ము లెక్కలున్న యంత్రం మీద అట్టి ప్రయోగాలు తగవు.

రెండవ మార్గం లినక్సు. 1991లో ఫిన్లాండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన ఈ వ్యవస్థను ప్రపంచమంతటి నిపుణులు కలిసి పెంచుతూ వచ్చారు. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చును, మార్చుకోవచ్చును, పంచుకోవచ్చును. పదిమంది పాలు ఒక క్యాన్‌లో పోసి పదిమందీ లాభం పంచుకొనే మనకు ఈ పద్ధతి కొత్తది కాదు. మన హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థవారు లినక్సును తెలుగులోకి తెచ్చుటకు కృషి చేశారు. లినక్స్ మింట్ అనే రకం 2 జి.బి. ర్యామ్‌తోనే నడుస్తుంది, 4 జి.బి. వుంటే హాయిగా నడుస్తుంది. లిబ్రే ఆఫీసు అనే ఉచిత ప్యాకేజీలో ఉత్తరాలు, పట్టికలు చేసుకోవచ్చును. దీనిని డిస్కులో ఎక్కించకుండా పెన్‌డ్రైవునుండే నడిపి చూచుటకు వీలున్నది. పశువును కొనేముందు పాలు పిండి చూచుకొన్నట్లు ముందు అట్లా చూడండి.

అయితే ఒక హెచ్చరిక. సంఘంలో పాల సేకరణకు వాడే సాఫ్ట్‌వేరు విండోసు మీద మాత్రమే నడిచేది కావచ్చును. లినక్సు ఎక్కించే ముందు ఆ సాఫ్ట్‌వేరు ఇచ్చినవారిని, యూనియన్‌వారిని అడగవలెను. విండోసు మార్చుటకు వీలుకానిచో ఆ ల్యాప్‌టాప్‌ను ఇంటర్నెట్‌కు తగిలించకుండా పాల సేకరణకే పరిమితం చేయండి. బ్యాంకు పనులు దానిలో చేయరాదు. పెన్‌డ్రైవును కూడ సంఘానిది మాత్రమే వాడండి. పిల్లల సినిమాల పెన్‌డ్రైవు దానికి తగిలించరాదు.

పాల పరీక్షా యంత్రంతో జత

పాల పరీక్షా యంత్రాలు, తూనిక యంత్రాలు చాలావరకు తొమ్మిది సూదుల పాత సీరియల్ పోర్టు ద్వారా కంప్యూటరుకు అంకెలు పంపుతాయి. ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు ఆ పోర్టు వుండదు. మధ్యలో యు.ఎస్.బి. మార్పిడి తీగ, దానికి తగిన డ్రైవరు కావలెను. కొత్త ల్యాప్‌టాప్ కొని తెచ్చిన తరువాత పరీక్షా యంత్రంతో కలవక, అంకెలు చేతితో కొట్టుకొనే పరిస్థితి వచ్చిన సంఘాలను మేము చూచినాము. చేతితో కొడితే 6.8 కాస్తా 8.6 కావచ్చును, సంఘం నష్టపోతుంది. 8.6 కాస్తా 6.8 అయితే సభ్యుడు నష్టపోతాడు. ఇప్పటికే జత కుదిరి పనిచేస్తున్న పాత యంత్రానికి ఈ ఒక్క కారణం చేతనైనా విలువ వున్నది. ఏ మార్పు చేసినా ఒక పూట పాలు రెండు విధాలా నమోదు చేసి, అంకెలు సరిపోయిన తరువాతనే పాత పద్ధతి మానవలెను.

తెలుగు అక్షరాల చిక్కు

మరొక విషయం. కొన్ని సంఘాలలో సభ్యుల పేర్లు పాత తెలుగు ఫాంట్లలో టైపు చేయబడివున్నవి. అవి ఆ ఫాంటు వున్న యంత్రంలోనే తెలుగుగా కనిపిస్తాయి. వేరొక కంప్యూటరులో తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలుగా కనిపిస్తాయి. 1991లో వచ్చిన యూనికోడ్ పద్ధతిలో తెలుగు అక్షరాలకు ప్రపంచమంతటా ఒకే సంఖ్యలు నిర్ణయించబడినవి. ఆ పద్ధతిలో టైపు చేసినవి ఎక్కడైనా కనిపిస్తాయి. కనుక పాత యంత్రంనుండి లెక్కలు తీసేటప్పుడు ఫాంటు ఫైళ్ళు కూడ తీసుకొనండి. పేర్ల జాబితా కాగితం మీద అచ్చు తీసుకొని, సభ్యత్వ సంఖ్య ప్రకారం యూనికోడ్‌లోకి మార్పించండి. సభ్యత్వ సంఖ్య ఆధారం లేకుండా పేర్లను బట్టి మార్చరాదు. ఒకే ఊరిలో ఒకే పేరు గలవారు నలుగురుండుట మనకు తెలిసినదే.

వాడిన ల్యాప్‌టాప్ కొనే సంఘాలకు

మీ యంత్రం బాగుకాకపోతే కంపెనీలు వాడి తీసివేసిన ల్యాప్‌టాప్‌లు కొనవచ్చును. సికింద్రాబాదు పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరువంటి చోట్ల ఇవి దొరుకుతాయి. ప్రాసెసరు సంఖ్య చూచుట నేర్చుకొనండి. ఐ5-5200 అంటే అయిదవ తరం, ఐ5-8250 అంటే ఎనిమిదవ తరం, ఐ5-10210 అంటే పదవ తరం. ఐ5 అన్న మాట ఒక్కటే చూచి కొనరాదు. పాత ఐ7 కంటే కొత్త ఐ3 మేలు కావచ్చును. తెరిచి అరగంట నడిపించి వేడి, ఫ్యాను శబ్దం, అన్ని మీటలు, అన్ని పోర్టులు, మూత కీళ్ళు పరిశీలించండి. ఛార్జరు తీసివేసి బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో చూడండి. ప్రారంభంలో పాస్‌వర్డు అడిగే యంత్రాన్ని కొనరాదు. సీరియల్ నెంబరుతో సహా బిల్లు తప్పనిసరి. బిల్లు లేని వస్తువు దొంగవస్తువు కావచ్చును, ఆడిటులో ఎట్లాగూ నిలువదు.

ఎప్పుడు వదిలివేయవలెను

ఏ పశువూ కలకాలం పాలివ్వదు. మదర్‌బోర్డు కాలిపోయినా, తెర, బ్యాటరీ, కీలు అన్నీ ఒకేసారి మార్చవలసివచ్చినా, మరమ్మతు ఖర్చు వాడిన మంచి యంత్రం ధరలో సగం దాటినా వదిలివేయుట మేలు. అప్పుడు కూడ డిస్కును తీసివేసిన తరువాతనే మిగిలినది ఇవ్వవలెను. సభ్యుల ఆధార్ సంఖ్యలు, బ్యాంకు ఖాతాలు అందులో వుంటాయి. కేవలం తుడిచివేసిన ఫైళ్ళను మరల వెలికితీయుట కష్టం కాదు. వ్యక్తిగత సమాచార రక్షణకు పార్లమెంటు 2023లో చట్టం చేసినది. చట్టం సంగతి వుండనివ్వండి, సభ్యుడు మనలను నమ్మి ఇచ్చిన సంఖ్య పాత సామానువాని చేతికి పోరాదు. 2022 నాటి ఈ-వ్యర్థాల నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినవి. రిజిస్టరు అయిన రీసైక్లర్లకు ఇచ్చి రసీదు పొందండి.

పాలకవర్గం పాటించవలసిన పద్ధతి

2022 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాల కంప్యూటరీకరణకు 2,516 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించినది. పాల సంఘాలలో అనేకం తమ సొంత మార్జిను సొమ్ముతో కంప్యూటర్లు కొనుక్కున్నవి. ప్రతి రూపాయీ సభ్యునిదే. కనుక మరమ్మతు చేయించినా, కొత్తది కొన్నా పాలకవర్గం తీర్మానం, కొటేషన్లు, వోచరు వుండవలెను. తీసివేసిన డిస్కు, ర్యామ్ ముక్కలను కూడ డెడ్‌స్టాకు రిజిస్టరులో చూపవలెను. "పనికిరానిది" అని వ్రాసే ముందు ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానం రిజిస్టరులో వుండవలెను: డిస్కు తీసి చూచినారా? నకళ్ళు ఎన్ని, ఎక్కడ వున్నవి? మరమ్మతుకు ఎంత అడిగారు? ఎవరు చూచి చెప్పారు?

ఇవన్నీ వుండగా కాగితపు లెక్క మానరాదు. ప్రతి బిల్లు కాలం చివర సభ్యులవారీ పట్టిక అచ్చు తీసి, కార్యదర్శి, అధ్యక్షులు సంతకాలు చేసి ఫైలులో వుంచండి. పాసుపుస్తకాలు వెంటవెంటనే వ్రాయండి.

కొత్త యంత్రం కొనవద్దని మేము చెప్పుట లేదు. పాతదానిని చూడకుండా పారవేయవద్దని మాత్రమే చెప్పుచున్నాము. మీ సంఘంలో బీరువామీద పెట్టిన ల్యాప్‌టాప్ వున్నట్లయితే ఈ వారంలో దించి, దుమ్ము తుడిచి, అందులోని డిస్కును ఒకసారి చదివించి చూడండి. అందులో ఏ సభ్యురాలి వానాకాలం లెక్క వున్నదో ఆమె వచ్చి అడిగే దాకా మనకు తెలియదు.